త్రాసుకెక్కిన పిలుపు

మసకనది మీద పొగమంచు ఏ పూటా విడవదు. మిట్టమధ్యాహ్నమైనా సరే, పడవ ముందు కూర్చున్నవాడికి వెనక తెడ్డు వేసేవాడు కనపడడు. అలాంటి నదిలో, అదీ వరద రోజుల్లో, వేలాపురం యువరాజు తరంగసేనుడు లవంగాల వర్తకుడి వేషంలో, తలకు పసుపు పాగా చుట్టుకుని వాక్పురం వైపు పోతున్నాడు. తెడ్డు వేస్తున్నవాడు పోలయ్య. వేలాపురం రేవులో పోలయ్యను మించిన సరంగు లేడని పోలయ్యే చెప్పుకుంటాడు. ఇంతవరకూ ఎవరూ కాదనలేదు కాబట్టి మనమూ ఒప్పుకుందాం.

యువరాజుకు ఈ వేషం ఎందుకు పట్టిందో చెప్పాలి. కొన్నాళ్ళ కిందట అతని చెల్లెలు ఇందుకళ రాయబారిగా వాక్పురం వెళ్ళింది. నిండు కొలువులో మహారాణి శరావతీదేవికి చేతులు జోడించి, తమ ఊరి అలవాటు ప్రకారం "హల్లో" అంది. ఆ ఒక్క మాటకే మంత్రి శంఖపాలుడు ఆసనం మీంచి లేచాడు. పుట్టుక తెలియని మాటను మహారాణి చెవిన వేసిందని మండిపడి, మంత్రం చదివి ఆ పిల్ల గొంతును లాగి ఒక శంఖంలో బంధించాడు. ఇందుకళ ఇంటికైతే వచ్చింది గాని, నవ్వినా చప్పుడు లేదు, ఏడ్చినా చప్పుడు లేదు. చెల్లెలు అలా నోరు తెరిచి ఏడవడం తరంగసేనుడు ఒక్కసారే చూశాడు. రెండోసారి చూడలేక బయలుదేరాడు.

వాక్పురం కట్టుబాటు ఇది. పరాయి మాట ఏదైనా కోటలో మెలగాలంటే దాని పుట్టుక ఎవరో ఒకరు కొలువులో చెప్పాలి. ఎక్కడ పుట్టింది, ఏ పని చేసింది, ఎవరి నోట పెరిగింది, అన్నీ చెప్పాలి. చెప్పి నెగ్గితే ఆ మాట వల్ల చెరపడ్డ గొంతును విడిచిపెడతారు. ఓడితే చెప్పినవాడి గొంతు కూడా శంఖాల పాలే. అయితే వేలాపురం మనిషి ఎవడూ కొలువు దాకా రాకుండా గుమ్మంలోనే పట్టుకోమని శంఖపాలుడు కాపలా పెట్టాడు. అందుకే ఈ లవంగాల మూట, ఈ పసుపు పాగా.

ఇక ఆ మాట సంగతి. అది తెల్లదీవుల నావికులతో వేలాపురం వచ్చింది. తరంగసేనుడి ముత్తాత కాలంలో వాళ్ళ ఓడ తుపానుకు బద్దలైతే, కొయ్యదుంగలు పట్టుకుని తేలుతూ ఆ మాటే అరిచారట. రేవు జనానికి అర్థం తెలియకపోయినా, అదే మాట తిరిగి అరుస్తూ పడవలేసుకుని వెళ్ళి అందరినీ లాక్కొచ్చారు. ఆ రోజు నుంచి అది మన మాటే అంటారు వేలాపురంలో. ఇప్పుడది చెయ్యని పని లేదు. గుమ్మం ముందు అంటే ఇంట్లో ఎవరున్నారని అడిగినట్టు. చేపల తట్ట దించి అంటే బేరానికి రమ్మన్నట్టు. కునుకు తీసే కాపలావాడి చెవిలో అంటే నీ కొలువు ఊడిందన్నట్టు. అత్తగారు వంటింట్లోకి తొంగిచూసి సాగదీసి అంటే ఏమన్నట్టో కోడలికే తెలుస్తుంది. ఎన్ని రకాలుగా వాడినా ఒక్క కట్టడి మాత్రం ఎవరూ తప్పరు. ఆ పిలుపు చెవిన పడితే వెంటనే అదే మాటతో బదులు పలకాలి. నోట్లో ముద్ద ఉన్నా, పిలిచినవాడు పగవాడైనా పలకాలి. పలక్కపోతే మనిషిని నీళ్ళలో వదిలేసినట్టే లెక్క. ఊయలలో పిల్లలకు తల్లులు మొట్టమొదట నేర్పేది ఈ బదులే.

"బాబుగారూ, పంతుళ్ళు నేర్పిన పాఠం ఇంకోసారి అనుకోకూడదా?" అన్నాడు పోలయ్య తెడ్డు వేస్తూ.

తరంగసేనుడు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. సూర్యుడి సారథి తన ఏడు గుర్రాలనూ అదిలించిన మొదటి మాట ఇదేనని, అది ఆకాశం నుంచి జారి తెల్లదీవుల చక్రవర్తి కిరీటంలో రత్నమై కూర్చుందని, ఆ వంశంలో పట్టాభిషేకం నాడు తప్ప దాన్ని ఎవరూ పలికేవారు కాదని గడగడా చదివాడు. పరాయి ఊరివాళ్ళు అడిగినప్పుడు వేలాపురంలో చిన్నా పెద్దా అందరూ చెప్పే కథ అది.

"ఇనడానికి బాగుందండి," అన్నాడు పోలయ్య. "కానీ అసలు సంగతి అది కాదు గదండీ. తెల్లదీవుల్లో ఏటికి అవతల పడవుంటే, ఇవతల గట్టు మీద నిలబడి పడవోణ్ణి కేకేసే మాటంట అది. మా తాత చెప్పేవోడు. మనూర్లో ఎవర్నడిగినా చెప్తారు."

"నాకూ తెలుసు. మా తాతగారికీ తెలుసు. అయితే మాత్రం, అంత పెద్ద కొలువులో నిలబడి, మేం నెత్తిన పెట్టుకున్న మాట ఒక పడవవాడి కేక అని చెప్పమంటావా?"

"నేనూ పడవోణ్ణే గదండీ," అన్నాడు పోలయ్య.

యువరాజు వినపడనట్టు అటు తిరిగి కూర్చున్నాడు.

అంతలో పడవ కింద నీళ్ళు ఉబికాయి. ఏదో బలమైనది అడుగున తగిలి పడవ రెండు చెక్కలైంది. మసకనదికి ఒక సర్పం కాపలా ఉంది. దానికి కళ్ళు లేవు, చెవులే కళ్ళు. నీటి మీద ఏ చిన్న చప్పుడైనా అటు మళ్ళుతుంది. తరంగసేనుడు ఒక మునక వేసి తేలేసరికి చుట్టూ తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. గట్టు ఎటో, పోలయ్య ఎటో తెలియదు. లవంగాల మూట ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ఈదుతూ, ఊపిరంతా కూడదీసుకుని అరిచాడు.

"హల్లో."

అరిచాక గాని సర్పం గుర్తుకు రాలేదు. నీళ్ళు చీలుస్తూ పెద్ద తల తనవైపే రావడం వినపడింది. సరిగ్గా అప్పుడే కుడివైపు మంచులోంచి పోలయ్య గొంతు ఖంగుమంది.

"హల్లో."

సర్పం ఆ గొంతు వైపు మళ్ళింది. తరంగసేనుడు దాని వెనకే బారలు వేశాడు. చెక్కపేడు పట్టుకుని వేలాడుతున్న పోలయ్య భుజాన్ని సర్పం కోర ఒరుసుకుపోయింది. మింగడానికి అది నోరు తెరిచిన క్షణంలో యువరాజు లవంగాల మూట విప్పి మొత్తం దాని గొంతులోకి కుమ్మరించాడు. అంత ఘాటు ఆ పాము పుట్టి ఎరగదు. తల విదిలించి, బుసబుసా తుమ్మి, నది అడుగుకు పారిపోయింది. చాలాసేపు నీళ్ళమీద లవంగాల వాసన పోలేదు.

ఇద్దరూ ఎలాగో గట్టెక్కి ఇసుకలో పడ్డారు. పోలయ్య భుజం నుంచి నెత్తురు కారుతోంది. తరంగసేనుడు పాగా చింపి కట్టు కడుతూ అడిగాడు.

"పాము నీమీదికి వస్తుందని తెలిసి కూడా ఎందుకు పలికావు?"

"మీరు పిలిచారు గదండీ," అన్నాడు పోలయ్య, అంతకంటే చెప్పడానికి ఏమీ లేనట్టు.

కోట గుమ్మంలో భటులు ఆపారు. సరుకేదని అడిగితే పాము తినేసిందని యువరాజు నిజమే చెప్పాడు. తడిసి ముద్దయి, ఒంటినిండా లవంగాల ఘాటుతో నిలబడ్డ వర్తకుణ్ణి చూసి భటులు పగలబడి నవ్వి ఇద్దరినీ లోపలికి వదిలారు. అబద్ధాలు ఎన్నో నేర్చుకుని వచ్చినవాడికి మొదటి గుమ్మం తెరిచింది నిజమే. కానీ ఆ పాఠం అప్పటికింకా అతనికి ఎక్కలేదు.

వాక్పురం కొలువుకూటాన్ని వర్ణించాలంటే వంద నోళ్ళు కావాలి, మనకున్నది ఒకటే. చంద్రకాంత శిలల స్తంభాలు, ఒక్కో స్తంభం మీద పచ్చలతో పొదిగిన ఒక్కో మాట. పైకప్పుకు నిండుగా వెండిగంటలు, గాలి సోకితే వీణ తీగల్లా సన్నగా మోగుతాయి. నెమలికంఠం రంగు తివాసీ చివర, ఏనుగు దంతపు సింహాసనం మీద శరావతీదేవి. ఆమె ముందు మాటల త్రాసు. దాని ఒక పళ్ళెంలో హంస ఈక, రెండో పళ్ళెంలో ఖాళీ శంఖం. పుట్టుక చెప్పేవాడు ఆ శంఖంలోకి చెప్పాలి. చెప్పింది నిజమైతే శంఖం ఈకతో సమంగా తూగుతుంది. అబద్ధమైతే నేలను కొడుతుంది.

మహారాణికి కుడివైపు మంత్రి శంఖపాలుడు కూర్చున్నాడు. మెడలో చిన్న శంఖాల దండ, ఒంటిమీద గోరింట రంగు పట్టు. ప్రతి ఉదయం కొలువు మొదలవడానికి ముందు వందిమాగధులు ఆయన వంశాన్ని పాడాలి. ఆ పాట గంధర్వలోకంలో మొదలై చాలాసేపటికి గాని భూమికి దిగదు. ఆ రోజు కూడా అప్పుడే దిగింది.

పాట ముగిసిన మరుక్షణం తరంగసేనుడు ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"మహారాణీ, నేను వర్తకుణ్ణి కాను. వేలాపురం యువరాజు తరంగసేనుణ్ణి. మా మాట పుట్టుక చెప్పి, మా చెల్లెలి గొంతు తీసుకుపోవడానికి వచ్చాను."

శంఖపాలుడి ముఖం నల్లబడింది. భటుల వైపు చూశాడు గాని మహారాణి చెయ్యెత్తింది.

"కొలువు దాకా వచ్చినవాడిని ఆపే అధికారం మాకు కూడా లేదు మంత్రీ. చెప్పు యువరాజా."

తరంగసేనుడు శంఖానికి నోరు దగ్గరపెట్టి సూర్యుడి సారథితో మొదలుపెట్టాడు. ఏడు గుర్రాలు దాటాడు. చక్రవర్తి కిరీటం దగ్గరకు వచ్చేసరికి త్రాసు కొయ్య కిర్రుమంది. పట్టాభిషేకం ఊసెత్తగానే శంఖం పళ్ళెం ధనాలున నేలను కొట్టింది. పైన వెండిగంటలు ఒక్కటీ మోగలేదు. కొలువంతా నవ్వింది. శంఖపాలుడు తీరిగ్గా లేచి వేళ్ళు తిప్పుతూ మంత్రం అందుకున్నాడు. యువరాజు గొంతులో ఏదో తాడు బిగుసుకున్నట్టయింది.

అతని చూపు గుమ్మం దగ్గర నిలబడ్డ పోలయ్య మీద పడింది. భుజానికి కట్టిన పసుపు గుడ్డ ఎర్రబడి ఉంది. తరంగసేనుడికి అప్పుడు ఒళ్ళంతా సిగ్గేసింది, ఆ సిగ్గు వెనకే గర్వం పొంగింది.

"త్రాసు సరిగ్గానే చెప్పింది మహారాణీ," అన్నాడు బిగుసుకుపోతున్న గొంతుతో. "అబద్ధం మాది. మాటది కాదు. నన్ను ఇంకోసారి చెప్పనివ్వండి."

"గొంతు నీ దగ్గర ఉన్నంతసేపు చెప్పే హక్కు నీదే. మంత్రీ, చెయ్యి దించు," అంది మహారాణి.

యువరాజు ఈసారి శంఖం దగ్గరకు వంగలేదు. శంఖం దాకా వినపడేలా, నిటారుగా నిలబడే చెప్పాడు.

"ఈ మాట ఏ కిరీటంలోనూ పుట్టలేదు. తెల్లదీవుల్లో, ఒక ఏటిగట్టున, బురదలో పుట్టింది. అవతలి గట్టున ఉన్న పడవవాణ్ణి పిలవడానికి ఇవతల చిక్కుకున్నవాడు వేసిన కేక ఇది. వాడు ఎవడో, వాడి పేరేమిటో ఎవరికీ తెలియదు. ఆ తరవాత ఇది సముద్రమెక్కింది. ఓడలు బద్దలైన చోటల్లా అరిచింది. మా రేవుకు వచ్చి, గుమ్మాల ముందు నిలబడింది, చేపలు అమ్మింది, నిద్రపోయేవాళ్ళను లేపింది. ఎక్కడికి వెళ్ళినా చేసిన పని ఒకటే. నేనిక్కడున్నాను, నువ్వున్నావా అని అడగడం. ఇవాళ పొద్దున మీ నదిలో నేను మునుగుతూ ఇదే అరిచాను. ప్రాణం పోతుందని తెలిసి కూడా ఒక మనిషి పలికాడు. అదిగో, గుమ్మం దగ్గర ఉన్నాడు, మా పడవవాడు. రాజుల నోట పుట్టిన మాటలు మీ స్తంభాల నిండా ఉన్నాయి. పిలిస్తే ప్రాణమిచ్చి పలికే మాట వాటిలో ఒక్కటుంటే చూపించండి. మా మాట పుట్టుక ఇది. దీన్ని దాచుకున్నందుకు సిగ్గుపడుతున్నాను. చెప్పుకుంటున్నందుకు నా తల ఇప్పుడే నిలబడింది."

నేలనంటిన పళ్ళెం మెల్లగా లేచింది. హంస ఈకతో సమంగా వచ్చి కదలకుండా ఆగింది. మరుక్షణం పైకప్పు గంటలన్నీ ఒక్కసారిగా మోగాయి. పోలయ్య కళ్ళు తుడుచుకోవడానికి భుజం ఎత్తబోయి, నొప్పికి మూలిగాడు.

"మాట నిలబడింది. ఇందుకళ గొంతు ఇప్పించండి," అంది శరావతీదేవి.

శంఖపాలుడు వంగి నమస్కరించాడు. నవ్వు మాత్రం దాచలేదు.

"చిత్తం మహారాణీ. మూగబురుజులో శంఖాలు వేలకొద్దీ ఉన్నాయి. ఏది ఎవరిదో నాకే గుర్తులేదు. యువరాజు తనకు కావలసింది తనే తీసుకోవచ్చు. ఒకటే శంఖం ముట్టుకోవాలి. అది వేరేవాళ్ళదైతే, కట్టుబాటు ప్రకారం ఈయన గొంతు కూడా దాని పక్కన చేరుతుంది."

మూగబురుజు నది ఒడ్డునే ఉంది. కింది నుంచి పై దాకా అరలు, అరల నిండా శంఖాలు. కొన్ని ముత్యాల రంగు, కొన్ని పగడాల రంగు, కొన్ని బూజు పట్టి రంగే తెలియనివి. అంతమంది గొంతులున్న చోట సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. వెంట వచ్చిన మహారాణి కూడా అడుగు చప్పుడు కాకుండా నడిచింది.

"ఇందుకళా," అని పిలిచాడు తరంగసేనుడు. ఏదీ పలకలేదు.

"చెరపడ్డ గొంతుకు తన పేరు గుర్తుండదు," అన్నాడు వెనక నుంచి శంఖపాలుడు.

యువరాజు కాసేపు కళ్ళు మూసుకున్నాడు. పేరు గుర్తుండదు సరే. పేరు తెలియక ముందే, ఊయలలో నేర్చుకున్నది ఒకటుంది గదా. గుండెల నిండా ఊపిరి తీసుకుని బురుజు అదిరేలా పిలిచాడు.

"హల్లో."

పైన, కిటికీ పక్క అరలోని గులాబీరంగు శంఖం నుంచి, నిద్రలేచిన పిల్ల గొంతులా, ఇందుకళ పలికింది.

"హల్లో."

పక్కనున్న పోలయ్య కూడా పలికాడు, కానీ పలికింది ఆ రెండు గొంతులే కాదు. అదే క్షణంలో యువరాజు వెనక నుంచి, బొంగురుగా, చివర సాగదీస్తూ ఇంకొక బదులు వచ్చింది. అందరూ వెనక్కి తిరిగారు. శంఖపాలుడు రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడి ఉన్నాడు.

"ఎవరికి బదులిచ్చావు మంత్రీ?" అంది మహారాణి నెమ్మదిగా.

మాట్లాడింది పోలయ్య.

"ఆ సాగదీత మా దచ్చిణపు రేవుదండీ మహారాణీ. ఉప్పుమళ్ళ కాడ పుట్టినోళ్ళు అలాగే పలుకుతారు. ఇంకెవరికీ రమ్మన్నా రాదు."

తరంగసేనుడికి అంతా తేటపడింది. ఆ రోజు కొలువులో ఇందుకళ పలకరించినప్పుడు ఈయన నాలుక చివరి దాకా బదులు వచ్చి ఉంటుంది. రెండోసారి వింటే ఆగలేడు. అందుకని పిలిచిన గొంతునే లాగేశాడు. వేలాపురం మనిషి అన్నవాడు ఈ కోటలో అడుగుపెట్టకుండా చూశాడు. తన పుట్టుక దాచుకోవడానికి పుట్టిన ఊరి మాటనే చంపబోయాడు.

"రోజూ పొద్దున్నే మాకు గంధర్వలోకం వినిపించావు," అంది శరావతీదేవి. "రేపు ఉదయం నువ్వే త్రాసు ముందు నిలబడి నీ పుట్టుక చెప్పు."

"ఉప్పుమళ్ళలో పుట్టానని ఈ నోటితో చెప్పను," అన్నాడు శంఖపాలుడు. మెడలోని దండను పుటుక్కున తెంపి గాల్లోకి విసిరాడు. గోరింట రంగు పట్టు నల్లటి ఈకలైంది, వేళ్ళు గోళ్ళయ్యాయి. పెద్ద రాబందు ఒకటి రెక్కలు విప్పి పైఅరకు ఎగిరి, గులాబీరంగు శంఖాన్ని కాళ్ళతో తన్నుకుని, కిటికీలోంచి మసకనది మీదికి దూసుకుపోయింది.

భటులు బాణాలు ఎక్కుపెట్టారు. మంచులో ఏం కనపడుతుంది, ఎటు కొట్టాలి? తరంగసేనుడు అప్పటికే కిటికీకి వేలాడే తీగ పట్టుకుని జారుతున్నాడు. అతను కిందికి చేరేసరికి, వేరే దారిన దిగిన పోలయ్య రాణివారి షికారు పడవ తాడు కోస్తున్నాడు.

"ఆ భుజంతో తెడ్డు వెయ్యగలవా?"

"ఒకటి బాగానే ఉందండి. ఎక్కండి."

పడవ మంచులోకి దూరింది. గట్టు మాయమైంది, బురుజు మాయమైంది. ఎటు చూసినా తెలుపే. నెత్తిమీద ఎక్కడో రెక్కల చప్పుడు లీలగా వినపడి ఆగిపోయింది. ఇక దారి చూపేది ఏదీ లేదు, ఒక్కటి తప్ప. యువరాజు నోరు తెరవబోయి ఆగాడు. నీళ్ళ మీదుగా సన్నటి గాలి వీచింది. ఆ గాలిలో లవంగాల వాసన ఉంది.

పోలయ్యకూ వాసన తగిలింది. తెడ్డు ఎత్తి పట్టుకున్నాడు.

"అరిస్తే ఆ పాము వస్తాదండి," అన్నాడు గుసగుసగా. "అరవకపోతే అమ్మాయిగారి గొంతు పోతాది."

తరంగసేనుడు పడవ ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. మెల్లగా కాదు, సన్నగా కాదు, పేరు తెలియని ఆ మొదటి మనిషి ఏటిగట్టున నిలబడి అరిచినంత గట్టిగా పిలిచాడు.

"హల్లో."

వెనక నుంచి పోలయ్య బదులిచ్చాడు. ఆ వెంటనే ఎడమవైపు ఆకాశంలోంచి చెల్లెలి గొంతు తేటగా పలికింది. దాని వెనకే, ముక్కు మూసుకున్నా ఆగక, ఉప్పుమళ్ళ సాగదీతతో రాబందు కూడా పలికింది. కుడివైపు నీళ్ళు పెద్దగా ఉబికాయి.

"ఎడమకి తిప్పు పోలయ్యా," అన్నాడు యువరాజు, మళ్ళీ పిలవడానికి ఊపిరి నింపుకుంటూ.